సౌర తుఫానులు, అమీర్‌పేట ఆకాశం, డ్రోన్ల దారి



సూర్యుడి మీద భారీ పేలుడు సంభవించిందని, దాని ప్రభావం భూమి మీద పడనుందని వార్త వెలువడిన ప్రతిసారీ డ్రోన్లు నడిపేవారిలో ఒక సందేహం తలెత్తుతుంది. ఆ రోజు జీపీఎస్‌ను నమ్మవచ్చునా, డ్రోన్‌ను గాలిలోకి లేపవచ్చునా అన్నదే ఆ సందేహం. పెళ్ళిళ్ళు చిత్రీకరించేవారు, రియల్ ఎస్టేట్ వెంచర్లను పైనుంచి చూపించేవారు, పొలం గట్లు కొలిచే సర్వేయర్లు, పైరు మీద మందు చల్లించే రైతులు, అందరి పనీ ఈనాడు జీపీఎస్ మీదే ఆధారపడి ఉన్నందువల్ల ఈ ప్రశ్నను తేలికగా తీసివేయడానికి వీలులేదు. అయితే దీనికి ప్రపంచంలో ప్రచారంలో ఉన్న సమాధానాలు చాలావరకు కెనడా, నార్వే వంటి ఉత్తరాది శీతల దేశాల అనుభవం నుంచి పుట్టినవి కాబట్టి, హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేటకు, పంజాగుట్టకు అవి ఉన్నవి ఉన్నట్టుగా వర్తించవు.

సౌర తుఫాను అన్న ఒక్క మాట కింద నిజానికి వేర్వేరు సంఘటనలు కలిసి ఉన్నాయి. మొదటిది సౌర జ్వాల, అంటే సూర్యుడి ఉపరితలం మీద అయస్కాంత శక్తి ఒక్కసారిగా విడుదలై ఎక్స్‌కిరణాల రూపంలో వెలువడటం. అవి కాంతివేగంతో ప్రయాణిస్తాయి కాబట్టి ఎనిమిది నిమిషాల పైచిలుకులో భూమిని చేరుతాయి. రెండవది కరోనా ద్రవ్య ఉత్సర్గం, అంటే సూర్యుడి బాహ్య వాతావరణమైన కరోనా నుంచి కోట్లాది టన్నుల విద్యుదావేశిత వాయువు తన అయస్కాంత క్షేత్రంతో సహా అంతరిక్షంలోకి ఎగజిమ్మబడటం. ఇది భూమిని చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ మేఘంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశకు తిరిగి ఉన్నప్పుడు అది భూమి అయస్కాంత క్షేత్రంతో ముడిపడి, భూ అయస్కాంత తుఫానుగా పరిణమిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్‌1 బిందువు చుట్టూ కక్ష్యలో ప్రవేశించిన ఆదిత్య ఎల్‌1 వ్యోమనౌక గమనిస్తున్నది ఈ మేఘాలనే.

తుఫాను తీవ్రతను చెప్పడానికి కేపీ సూచిక అనే కొలమానం వాడుకలో ఉంది. సున్నా నుంచి తొమ్మిది వరకు సాగే ఈ సూచిక అయిదుకు చేరితే తుఫాను మొదలైనట్టు, తొమ్మిదికి చేరితే పరమ తీవ్రమైనట్టు లెక్క. డ్రోన్ నడిపేవారి ఫోన్లలో ఉండే అనేక యాప్‌లు ఈ అంకెను చూపించి, ఎగరవచ్చునో లేదో తీర్పు చెబుతుంటాయి. అయితే ఈ సూచికను మూడు గంటలకొకసారి లెక్కకట్టేది పదమూడు అయస్కాంత పరిశోధనాలయాల కొలతల ఆధారంగా. అవన్నీ భూమధ్యరేఖకు చాలా దూరంగా, ధ్రువప్రాంతాల వైపు ఉన్న అక్షాంశాలకు చెందినవి. వాటిలో భారతదేశానికి చెందినది ఒక్కటి కూడా లేదు. పంజాగుట్టలో నిలబడి కేపీ సూచికను చూసి డ్రోన్‌ను దించేసే వ్యక్తి, తన నెత్తిమీది ఆకాశంతో పెద్దగా సంబంధం లేని అంకెను నమ్ముతున్నాడన్నమాట.

ఈ మాట ఎందుకు అనవలసి వస్తున్నదో తెలియాలంటే జీపీఎస్ సంకేతం నడిచే దారిని చూడాలి. నేలకు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం తన గడియారం చెప్పే సమయాన్ని రేడియో తరంగంగా పంపుతుంది. ఆ తరంగం డ్రోన్‌లోని రిసీవర్‌ను చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. అటువంటి దూరాలు కనీసం నాలుగు దొరికితే స్థానం తేలుతుంది. కానీ దారిలో, నేలకు ఇంచుమించు 60 కిలోమీటర్ల నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా, సూర్యరశ్మి తాకిడికి పరమాణువుల నుంచి ఊడిపడిన ఎలక్ట్రాన్లతో నిండిన అయనోస్ఫియర్ అనే ప్రాంతం ఉంది. రేడియో శ్రోతలకు ఇది పరోక్షంగా పరిచయమైనదే: పగటిపూట వినిపించని దూరపు మీడియం వేవ్ కేంద్రాలు రాత్రివేళ వినిపించడానికి కారణం, తరంగాలను పీల్చుకునే దాని అడుగు పొర చీకటి పడ్డాక మాయమై, పై పొరలు వాటిని తిరిగి నేలకు మళ్ళించడమే. జీపీఎస్ తరంగాల పౌనఃపున్యం చాలా ఎక్కువ కావడంతో అవి వెనక్కి మళ్ళకుండా ఆ ప్రాంతాన్ని చీల్చుకుని వస్తాయి గాని, వచ్చేటప్పుడు కొంత ఆలస్యమవుతాయి.

ఆ ఆలస్యాన్ని కచ్చితంగా లెక్కకట్టవచ్చు. ఒక చదరపు మీటరు అడ్డుకోత గల నిలువు స్తంభంలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో చెప్పే సంఖ్యను మొత్తం ఎలక్ట్రాన్ పరిమాణం అంటారు. ఒకటి పక్కన పదహారు సున్నాలు పెడితే వచ్చే సంఖ్య దీనికి ఒక యూనిట్. సాధారణ జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్‌జ్ తరంగానికి ఒక్కొక్క యూనిట్ దాదాపు 16 సెంటీమీటర్ల తప్పు తెచ్చిపెడుతుంది. సూర్యుడు చురుకుగా ఉన్న సంవత్సరాల్లో దక్షిణ భారతదేశం మీద మధ్యాహ్నవేళ ఈ పరిమాణం నూరు యూనిట్ల దాకా పోవడం వింతేమీ కాదు. అంటే ఏ తుఫానూ లేని మామూలు మధ్యాహ్నమే నిట్టనిలువునా వచ్చే సంకేతంలో పదహారు మీటర్ల ఆలస్యం ఉండగలదు. దిగంతానికి దగ్గరగా ఉన్న ఉపగ్రహం నుంచి ఏటవాలుగా వచ్చే సంకేతానికి అది రెండు మూడు రెట్లు కూడా కావచ్చు. ఉపగ్రహాలు ప్రసారం చేసే ఎనిమిది గుణకాల సర్దుబాటు సూత్రం ఈ తప్పులో సుమారు సగాన్ని మాత్రమే తొలగిస్తుంది.

దక్షిణ భారతదేశం మీద ఇంత ఎక్కువ ఎందుకు ఉంటుందన్నది ఈ విషయంలోకెల్లా ఆసక్తికరమైన అంశం. భూ అయస్కాంత మధ్యరేఖ కేరళలోని తుంబా, తమిళనాడులోని తిరునల్వేలి పరిసరాల మీదుగా పోతుంది. భారతదేశపు మొదటి సౌండింగ్ రాకెట్టును 1963 నవంబరు 21న తుంబా నుంచి ప్రయోగించడానికి ప్రధాన కారణం అదే. ఆ రేఖ మీద పగటివేళ ఏర్పడే విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను పైకి ఎత్తుతుంది; పైకి లేచినవి అయస్కాంత బలరేఖల వెంట ఉత్తరానికి, దక్షిణానికి జారి, రేఖకు కొంత దూరంలో పోగుపడతాయి. ఉత్తరాన ఆ పోగు శిఖరం భోపాల్, అహ్మదాబాద్ ప్రాంతాల మీద ఉండగా, తిరునల్వేలి మీద లోయ ఏర్పడుతుంది. హైదరాబాదు ఆ లోయకూ శిఖరానికీ నడుమ వాలు మీద ఉంది. వాలు మీద ఉండటం అంటే, ఉత్తరాన ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతానికీ దక్షిణాన ఉన్నదాని నుంచి వచ్చే సంకేతానికీ ఆలస్యంలో పెద్ద తేడా ఉండటం. అన్ని దిక్కుల నుంచీ ఒకే రకం ఆలస్యం వస్తే రిసీవర్ దాన్ని చాలావరకు తన గడియారపు తప్పులో, ఎత్తు తప్పులో కలిపేసుకుంటుంది. దిక్కు దిక్కుకూ తేడా ఉన్నప్పుడే అడ్డంగా పక్కకు జరిగిన స్థానం చూపిస్తుంది.

అసలు చిక్కు మాత్రం సూర్యుడు అస్తమించాక మొదలవుతుంది. చీకటి పడే వేళకు అయనోస్ఫియర్ అడుగుభాగం త్వరగా పలచబడుతుండగా పైభాగం ఇంకా దట్టంగా ఉండి పైకి ఎగబాకుతుంది. బరువైన పొర పైన, తేలిక పొర కింద ఉన్న ఈ అస్థిర స్థితిలో, కాగుతున్న పాలలో అడుగునుంచి లేచే బుడగల మాదిరిగా, పలచని ప్లాస్మా బుడగలు వందల కిలోమీటర్ల ఎత్తుకు లేస్తాయి. వాటి అంచుల గుండా వచ్చే జీపీఎస్ సంకేతం నక్షత్రంలాగా మినుకుమినుకుమంటుంది. దీనినే శాస్త్రజ్ఞులు స్కింటిలేషన్ అంటారు. సంకేతం బలం క్షణాల్లో పడిపోయి, రిసీవర్ చేతిలోంచి ఒక ఉపగ్రహం జారిపోవచ్చు, మరికొన్ని క్షణాలకు తిరిగి దొరకవచ్చు. భారత ప్రాంతంలో ఈ బుడగలు రాత్రి ఏడు, ఎనిమిది గంటల నుంచి అర్ధరాత్రి దాకా, అందులోనూ పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సూర్యుడు చురుకుగా ఉన్న సంవత్సరాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. తిరుపతికి సమీపంలోని గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల తన 53 మెగాహెర్ట్‌జ్ రాడార్‌తో ఈ బుడగలను పరిశీలిస్తూ వచ్చింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి.రామచంద్రరావు నెలకొల్పిన అయనోస్ఫియర్ పరిశోధనా సంప్రదాయం జీపీఎస్ పుట్టకముందు నుంచే ఉన్నది.

ఇక తుఫానుల సంగతి. 2024 మే 10న భారత కాలమానం ప్రకారం రాత్రి పదిన్నర దాటాక మొదలైన తుఫాను, 2003 అక్టోబరు తరువాత అత్యున్నత స్థాయికి చేరిన మొదటి తుఫాను. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అది విత్తనాలు వేసే కాలం కావడంతో, అమెరికాలో జీపీఎస్ ఆధారంగా సెంటీమీటర్ల కచ్చితత్వంతో సాళ్ళు వేసే ట్రాక్టర్లు దారి తప్పి, రైతులు పని ఆపుకోవలసి వచ్చింది. అంతకుముందు 2003 అక్టోబరు చివరి తుఫానులో అమెరికా విమానాల ఉపగ్రహ సహాయక వ్యవస్థ, నిలువు దిశలో దారి చూపే సేవను ఒక రోజు దాదాపు పదిహేను గంటలు, మరునాడు పదకొండు గంటలు అందించలేకపోయింది. ఈ ఉదాహరణలు సౌర తుఫాను జీపీఎస్‌ను దెబ్బతీయగలదనడానికి తిరుగులేని సాక్ష్యాలు.

కాని అయస్కాంత మధ్యరేఖకు దగ్గరలో తుఫాను ప్రవర్తన ఒక తీరున ఉండదు. తుఫాను ఉద్ధృతి సరిగ్గా సాయంసంధ్య వేళ మొదలైతే, ధ్రువప్రాంతాల నుంచి చొరబడే విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్ల పొరను మరింత పైకి నెట్టి బుడగలను రెచ్చగొట్టగలదు. అదే మరో వేళలో మొదలైతే, ఆ క్షేత్రం దిశ తారుమారై, సహజంగా రావలసిన బుడగలను అణచివేయనూగలదు. మరునాటి పగలు గాలుల వల్ల పుట్టే వ్యతిరేక విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్ల ఊటనే బలహీనపరిచి, మొత్తం పరిమాణాన్ని మామూలుకన్నా తగ్గించడం కూడా కద్దు. తుఫాను వచ్చిన రాత్రి హైదరాబాదులో జీపీఎస్ ఏ చింతా లేకుండా పనిచేసి, ఏ తుఫానూ లేని సెప్టెంబరు సాయంత్రం తడబడటం అసంభవం కాదు.

డ్రోన్ నడిపేవారిలో మరో భయం దిక్సూచి గురించి. డ్రోన్ తన ముక్కు ఎటువైపు ఉన్నదో తెలుసుకోవడానికి చిన్న అయస్కాంత సెన్సార్ వాడుతుంది కాబట్టి, భూ అయస్కాంత తుఫాను దాన్ని తికమక పెడుతుందని అనుకోవడం సహజమే. లెక్క వేస్తే ఆ భయం నిలవదు. హైదరాబాదులో భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర బలం సుమారు 40,000 నానోటెస్లాలు. 2024 మే తుఫాను అత్యున్నత దశలో భూమధ్యరేఖా ప్రాంతాల సగటు తగ్గుదల నాలుగు వందల నానోటెస్లాల పైచిలుకు, అనగా నూటికి ఒక వంతు. ఆ తగ్గుదల కూడా ప్రధానంగా బలంలో వచ్చేదే గాని దిశలో వచ్చేది కాదు. సూది పక్కకు తిరిగేది డిగ్రీలో స్వల్పభాగం. ఇటువంటి సూక్ష్మమైన మార్పులను కొలిచే పని ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1960ల నుంచి చేస్తున్నది. నగరపు రొద పెరగడంతో విజయవాడ రహదారి మీది చౌటుప్పల్‌లో కూడా ఒక పరిశోధనాలయాన్ని ఏర్పాటు చేసుకుంది. నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా రాయదుర్గం పోయే మెట్రో నీలి మార్గంలో ఒక స్టేషన్‌కు ఎన్‌జీఆర్ఐ అని ఆ సంస్థ పేరే ఉంది.

ఆ రైలు ఎక్కి అమీర్‌పేటలో దిగి, మెట్ల మీదనుంచి తల ఎత్తి చూస్తే డ్రోన్‌కు అసలు శత్రువులు కనిపిస్తాయి. నగరంలో రెండు మెట్రో మార్గాలు ఒకదానిమీద ఒకటి దాటే కూడలి ఇది. ఇనుప చువ్వలు నిండిన కాంక్రీటు స్తంభాలు, ఉక్కు పట్టాలు, విద్యుత్ తీగలు, మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్ వైపు అంతస్తు మీద అంతస్తుగా కోచింగ్ సెంటర్ల ఇనుప చట్రాల హోర్డింగులు. వీటి నడుమ నేలమీద పెట్టి దిక్సూచిని సరిచూసుకున్న డ్రోన్‌కు వచ్చే దిశాదోషం, ఏ సౌర తుఫానూ తేలేనంత ఉంటుంది. జీపీఎస్‌కూ ఇదే గతి. భవనాల మధ్య ఇరుకైన ఆకాశంలో నేరుగా కనిపించే ఉపగ్రహాలు తక్కువ. అద్దాల గోడలకు తగిలి తిరిగి వచ్చే సంకేతం అసలు దూరం కన్నా ఎక్కువ దూరం నడిచి వస్తుంది కాబట్టి రిసీవర్‌ను మోసం చేస్తుంది. పంజాగుట్టలో ఫ్లైఓవర్, మెట్రో వంతెన, ఎత్తైన వాణిజ్య భవనాలు కలిసి ఇటువంటి పరిస్థితినే కల్పిస్తాయి.

అయనోస్ఫియర్ తెచ్చే తప్పుకూ భవనాలు తెచ్చే తప్పుకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది, దీనిని డ్రోన్ నడిపేవారు సాధారణంగా పట్టించుకోరు. బుడగలు లేని వేళ అయనోస్ఫియర్ తెచ్చే తప్పు నెమ్మదిగా మారుతుంది. బ్యాటరీ ఉండే ఇరవై, ముప్పై నిమిషాల్లో పెద్దగా కదలదు. డ్రోన్ లేచిన చోటును గుర్తుపెట్టుకున్నప్పుడు ఉన్న తప్పే అది తిరిగి వచ్చేటప్పుడూ దాదాపు అలాగే ఉంటుంది గనుక, పటం మీద స్థానం అయిదారు మీటర్లు తప్పినా అది లేచిన చోటికే వచ్చి దిగుతుంది. ఎత్తు నిలుపుకోవడానికి అది ప్రధానంగా గాలి పీడనాన్ని కొలిచే సెన్సార్ మీద ఆధారపడుతుంది కాబట్టి నిలువు తప్పు కూడా అంతగా బాధించదు. భవనాల నుంచి తిరిగివచ్చే సంకేతం అలా కాదు. డ్రోన్ రెండు గజాలు పక్కకు జరిగితే ఆ తప్పు మారిపోతుంది, ఉన్నచోట నిలిచి ఉండవలసిన డ్రోన్ హఠాత్తుగా గోడ వైపు దూకడానికి అదే కారణమవుతుంది. డ్రోన్‌కూ చేతిలోని రిమోట్‌కూ మధ్య నడిచే 2.4 గిగాహెర్ట్‌జ్ సంకేతం అయనోస్ఫియర్ దాకా పోనేపోదు కాబట్టి, అమీర్‌పేటలో అది తెగిపోతే చుట్టుపక్కల వైఫైల రద్దీని అనుమానించాలి గాని సూర్యుణ్ణి కాదు.

కొలతలో సెంటీమీటర్లు లెక్కకు వచ్చే పనుల్లో మాత్రం ఆకాశం సంగతి గట్టిగా పట్టించుకోక తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో పాటు, స్థిరంగా ఒకే చోట ఉండి నిరంతరం జీపీఎస్ సవరణలు పంపే బేస్ స్టేషన్ల వ్యవస్థను వాడారు. గ్రామాల ఇళ్ళ హద్దులను డ్రోన్లతో కొలిచే కేంద్ర స్వామిత్వ పథకం కూడా అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రారంభమైంది. బేస్ స్టేషన్ సవరణలు వాడే పద్ధతిలో రిసీవర్ సుమారు 19 సెంటీమీటర్ల పొడవున్న తరంగాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తూ పోతుంది. స్కింటిలేషన్ వల్ల ఆ లెక్క ఒక్క తరంగం తప్పినా గట్టు అంతమేరకు జరుగుతుంది, గట్టు జరిగితే పొరుగు రైతుతో తగాదా మొదలవుతుంది.

రక్షణ మార్గాలు లేకపోలేదు. రెండు పౌనఃపున్యాలను ఒకేసారి అందుకునే రిసీవర్, రెండింటి ఆలస్యాల తేడాను బట్టి అయనోస్ఫియర్ తప్పును దాదాపు పూర్తిగా తీసివేయగలదు. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూపొందించిన గగన్ వ్యవస్థ దేశం మీది అయనోస్ఫియర్‌ను నిరంతరం కొలిచి సవరణలు ప్రసారం చేస్తుంది; 2015 ఏప్రిల్‌లో అది విమానాల దిగుదలకు నిలువు మార్గదర్శనం ఇచ్చే స్థాయి ధ్రువీకరణ పొందింది. దాని రూపకల్పనకు ముందు దేశమంతటా ఎలక్ట్రాన్ల పరిమాణాన్ని కొలిచిన కేంద్రాల్లో హైదరాబాదు, విశాఖపట్నం ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధనా విభాగం ఆ కొలతల మీద విశేషంగా కృషి చేసింది. పక్కనే ఒక స్థిర రిసీవర్ ఉన్నప్పుడు ఉమ్మడి తప్పు రద్దవుతుందనడానికి 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో జరిగిన ప్రదర్శనను గుర్తు చేసుకోవచ్చు. సూర్యుడు పదకొండేళ్ళ చక్రంలో శిఖర దశలో ఉన్నాడని ప్రకటన వెలువడిన వారం రోజులకే, అక్టోబరు మాసంలో, చీకటి పడ్డాక, అంటే సిద్ధాంతరీత్యా అన్నివిధాలా అనుమానించదగిన వేళ, 5,500 డ్రోన్లు కృష్ణా నది మీద బొమ్మలు కట్టి గిన్నిస్ రికార్డులు సాధించాయి. ఇటువంటి ప్రదర్శనల్లో నేలమీది స్థిర రిసీవర్ పంపే సవరణలను వాడటం సాధారణ పద్ధతి.

ఇక అనుమతుల సంగతి.  అమీర్‌పేట పక్కనే ఉన్న బేగంపేట విమానాశ్రయం 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలకు మూతపడినా, ఇతర విమానాల రాకపోకలు ఆగలేదు. రాజ్‌భవన్ కూడా దగ్గరలోనే ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయపు సరిహద్దుకు ఎనిమిది కిలోమీటర్ల లోపలి ఆకాశం అనుమతి అక్కరలేని పచ్చ మండలం కిందికి రాదు కాబట్టి, అమీర్‌పేట, పంజాగుట్టల్లో సౌర తుఫాను ఉన్నా లేకపోయినా ముందుగా డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చునో చూపే డిజిటల్ స్కై పటాన్ని చూసి అనుమతి తీసుకోవలసిందే.

అనుమతి పొంది పని చేసేవారు దిక్సూచిని ఇనుముకు, మెట్రో స్తంభాలకు దూరంగా సరిచూసుకోవాలి; ఉపగ్రహాల సంఖ్య నిలకడగా ఉన్నదని తేలాకే డ్రోన్‌ను లేపాలి; మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో భూమి కొలతల పనిని సూర్యాస్తమయానికి ముందే ముగించాలి. కేపీ సూచిక తొమ్మిదికి చేరిన రోజున, తుఫాను ఇక్కడ ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా చెప్పలేం కాబట్టి, సర్వే పనిని మరునాటికి వాయిదా వేసుకోవడం మంచిది. అది అయిదో ఆరో అయినంత మాత్రాన పెళ్ళి వీడియో ఆపుకోనక్కరలేదు.